ఎనిమిదో రీలు

ఎనిమిదో డబ్బాను దేముడమ్మ రెండు రోజులు దాచింది. తడిగోనె కప్పి, దానిమీద బకెట్టు బోర్లించి, ఎవరైనా అడిగితే ఖాళీ డబ్బా అని చెప్పింది. మూడోరోజు, గురువారం పొద్దున్న, షావుకారు నరసింగరావు తానే వచ్చి ఆ బకెట్టును కాలితో తన్నాడు.

విజయనగరంలో రైలుపట్టాలకు అవతల, ఊరు ఆగిపోయి జీడితోటలు మొదలయ్యేచోట ఉంది ఆయన రేకుల షెడ్డు. అరిగిపోయిన సినిమా ఫిలిములు, మూతపడ్డ కంపెనీల ఫిలిములు, అటు బరంపురం నుంచి ఇటు అనకాపల్లి దాకా ఎక్కడ తుక్కుగా పడి ఉన్నా తూకానికి కొనుక్కొస్తాడు. ఫిలిం మీది నల్లటి పూతలో వెండి ఉంటుంది. ఏడుగురు ఆడవాళ్ళు ఫిలింను చెక్కచట్రాలకు చుట్టి, సోడా కలిపిన వేడినీళ్ళ తొట్టెలో ముంచుతారు. నానాక గుడ్డతో ఒక్కసారి దూస్తే పూత మీగడలా జారిపోతుంది. నల్లనీళ్ళు గుంటలోకి పోతాయి. గుంట అడుగున పేరుకున్న మడ్డిని ఎండబెట్టి వెండి తీసేవాళ్ళకు పంపుతారు. బొమ్మలు పోయి గాజులా తేటపడ్డ ఫిలిం దువ్వెనలు చేసేవాళ్ళకు పోతుంది. షెడ్డు దరిదాపుల్లో ఎవరూ బీడీ ముట్టించకూడదు. నీళ్ళు కాచే పొయ్యి కూడా ఎక్కడో తోట చివర ఉంది. పాత ఫిలిం నిప్పంటుకుందంటే నీళ్ళలో ముంచినా ఆరదు.

ఆ ఏడుగురిలో దేముడమ్మకు ఒక పిచ్చి ఉందని మిగతావాళ్ళు నవ్వేవారు. చట్రానికి చుట్టే ముందు ఆమె ఫిలింను వెలుతురుకేసి పట్టుకుని చూస్తుంది. ఒక మూరో రెండు మూరలో కాదు, డబ్బా మొత్తం చూస్తుంది. బొమ్మకు వేలు తగలకుండా అంచులు పట్టుకుని, ఎడమచేత్తో ఆపుతూ, కుడిచేత్తో లాగుతూ, ఒక బొమ్మ తరువాత ఇంకో బొమ్మ. ఎప్పుడో చిన్నప్పుడు డేరాలో ఒకసారి చూసింది తప్ప ఆమె సినిమాహాలు గడప తొక్కలేదు. కానీ ఈ నాలుగేళ్ళలో ఆమె చూసినన్ని సినిమాలు ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. బొమ్మల పక్కన ఒక తెల్లటి గీత పోతూ ఉంటుంది. అదెందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. మనుషుల నోళ్ళు కదిలినచోట ఆ గీత రంపప్పళ్ళలా లేస్తుంది. పాట వస్తే అలలు అలలుగా సాగుతుంది. చప్పుడు లేనిచోట దారంలా పడుకుంటుంది.

పర్లాకిమిడి వైపు మూలబడ్డ ఒక టూరింగు టాకీసు నుంచి వారం కిందట పదకొండు డబ్బాలు వచ్చాయి. పదింటి మూతలు తుప్పుపట్టి అతుక్కుపోయాయి. ఎనిమిది అంకె ఉన్న డబ్బా మూత ఒక్కటే ఊడి వచ్చింది. దేముడమ్మ దాన్ని పైకి పట్టుకుని నాలుగు బారలు లాగిందో లేదో, చేతిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆ రోజు ఆమె అన్నం తినడం మరిచిపోయింది.

"ఇంత నల్లగా ఉన్న ఫిలిం దాస్తావేటే?" అన్నాడు నరసింగరావు. "నలుపంటే వెండి. తెలీదా నీకు?"

తెలుసు. రాత్రి సీన్లున్న ఫిలిమంటే ఆయన ముందే వేరు చేయించేవాడు. దేముడమ్మ లేచి నిలబడి, ఈ ఒక్కటీ ఉంచమనీ, ఇలాంటిది ఇంతవరకు రాలేదనీ, మిగతా మూతలు ఊడాక వరస కలుస్తుందనీ బతిమాలింది. వరస కలిపి పెళ్ళి చేస్తావా అన్నాడాయన. ఆడవాళ్ళు నవ్వారు. పక్కనే ఉన్న అసిరమ్మ కూడా నవ్వి, దేముడమ్మ ముఖం చూసి ఆపేసింది.

ఆ ఎనిమిదో డబ్బాను దేముడమ్మ ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. తనే చుట్టింది, తనే ముంచింది. చట్రం తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, మళ్ళీ ఒకసారి వెలుతురుకు పట్టి చూసుకుంది. తరువాత గుడ్డ తీసుకుని దూసింది. పూత ఎప్పటిలాగే మీగడలా జారిపోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం ఒక మనిషి సైకిలు దిగీ దిగకుండానే షెడ్డులోకి వచ్చాడు. రైల్వే పార్సిలు ఆఫీసు గుమాస్తా జగన్నాధం. నలభై లోపే ఉంటాయి. చొక్కా వీపంతా తడిసిపోయింది. పాత పార్సిలు కాగితాలు తిరగేస్తుంటే పర్లాకిమిడి టాకీసు నుంచి ఈ షెడ్డుకు డబ్బాలు వచ్చినట్టు కంటబడిందట. అది చూసి అక్కడినుంచి అలాగే వచ్చేశాడు. ఆ డబ్బాలు ఎక్కడ, ఉన్నాయా, ముంచేశారా అని ఒక్క ఊపిరిలో మూడు ప్రశ్నలు అడిగాడు.

నరసింగరావు మూల చూపించాడు. జగన్నాధం మోకాళ్ళమీద కూలబడి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ఒకటో డబ్బా మూత చుట్టూ తుప్పు గీకి, మెల్లగా ఎత్తాడు. లోపలి నుంచి ఘాటు వాసన కొట్టింది. ఫిలిం అంచులు పట్టుకుని పైకెత్తాడు. బొమ్మకు వేలు తగలనివ్వలేదు. అలా పట్టుకునే ఇంకో మనిషిని దేముడమ్మ అదే మొదటిసారి చూడటం. ఆమె చేతిలో గుడ్డ పిండటం ఆపేసింది.

"కంకాళ భవనము," అని చదివాడతను. మళ్ళీ చదివాడు.

తరువాత అతన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. ఆ సినిమా ముప్పై తొమ్మిదిలో వచ్చిందట. తెలుగులో దెయ్యం కథతో అలాంటిది అంతకుముందు లేదట. నాలుగే కాపీలు తీశారు. కంపెనీ ఆరిపోయింది, మూడు కాపీలు ఏమయ్యాయో తెలీదు. మద్రాసులో, కలకత్తాలో, కొలంబోలో పాత సినిమా వస్తువులు పోగుచేసేవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర దాని పాటల పుస్తకం ఉంది, రెండు ఫొటోలున్నాయి, ఒకరి దగ్గర వాల్‌పోస్టరు ముక్క ఉంది. ఫిలిం మాత్రం ఎవరి దగ్గరా లేదు. పదేళ్ళుగా అందరూ అందరికీ ఉత్తరాలు రాసుకుంటున్నారు. ఈ మాటలు ఎవరికి చెబుతున్నాడో చూసుకోకుండా, తొట్టెల దగ్గర తడిచేతులతో నిలబడ్డ ఆడవాళ్ళకు చెప్పాడు. తూకం ధరకు నాలుగింతలు ఇస్తానని నరసింగరావుతో అన్నాడు. అని, డబ్బాలు వరసగా పేర్చుకుంటూ పోయి ఏడు దగ్గర ఆగాడు.

"ఎనిమిది ఏదీ?"

నరసింగరావు చూపు కొబ్బరితాడు మీదికి పోయింది. తాడుమీద తేటపడ్డ ఫిలిం చుట్టలు చుట్టలుగా ఎండుతోంది.

"ఏటి సెప్పమంటారు బాబూ. ఈ మొద్దు ఆడది," అన్నాడు దేముడమ్మ కేసి గడ్డం ఎగరేసి. "ఉంచే, ఎవరైనా అడుగుతారు అని సెప్పినాను. వినకుండా ముంచీసినాది."

దేముడమ్మ నోరు తెరిచింది. చుట్టూ చూసింది. ఐదుగురు ఆడవాళ్ళు తొట్టెలోకి చూస్తున్నారు. అసిరమ్మ తన కాలి బొటనవేలు కేసి చూస్తోంది.

జగన్నాధం తాడు దగ్గరికి వెళ్ళి ఒక చుట్ట తీసి వెలుతురుకు పట్టాడు. అందులోంచి ఆకాశం కనపడింది, తోటమీద ఎగురుతున్న కాకి కనపడింది. చాలాసేపు అలాగే చూశాడు. తిరిగి వచ్చి దేముడమ్మ ముందు నిలబడి ఒకే మాట అన్నాడు.

"నీకు కళ్ళు లేవా?"

అతను పది డబ్బాలూ కొనుక్కుని వెళ్ళాక షావుకారు రేపట్నించి రావద్దన్నాడు. దేముడమ్మ చేతులు కడుక్కుని పట్టాల వెంట ఇంటిదారి పట్టింది. సగం దారిలో అసిరమ్మ రొప్పుతూ వచ్చి కలిసింది. నిజం చెప్పలేకపోయానని ఏడ్చింది. నీ పొట్ట నీకుండాలి కదే అని దేముడమ్మే ఆమెను ఊరుకోబెట్టింది. షావుకారు అబద్ధం ఆమెను అంతగా బాధపెట్టలేదు. ఆయన సంగతి తెలిసిందే. కళ్ళు లేవా అన్న మాట మాత్రం చెవిలోంచి పోలేదు.

*

శనివారం పొద్దున్న ఆమె వాకిట్లో ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. సైకిలు పట్టుకుని దూరంగా, ముఖం పక్కకు తిప్పుకుని జగన్నాధం. ముందు నిలబడ్డ పొడుగాటి నెరిసిన తల మనిషి సినిమాహాలు ఆపరేటరు పరంజ్యోతి. మిషను చర్చిలో ఆదివారం పాటలు ఎత్తుకునేది ఆయనే. మాట కూడా పాట ఎత్తినట్టే నెమ్మదిగా ఉంటుంది.

ఆదివారం ఉదయం ఆటకు హాలు మేనేజరు ఒప్పుకున్నాడట. మద్రాసు నుంచి వరదాచారి అనే లాయరు, పాత సినిమాలు పోగుచేసేవాళ్ళలో పెద్దవాడు, తంతి అందగానే మెయిలెక్కాడట. కానీ ఫిలిం హల్వాలా అతుక్కుపోయి ఉంది. అంచు చిల్లులు సగం చినిగాయి. అది అలాగే మిషనులో పెడితే దీపం వేడికి భగ్గుమంటుంది. పది రీళ్ళూ ఒక్క రోజులో విప్పి తుడవడం తన ఒక్కడివల్ల కాదు.

"షెడ్డులో అడిగానమ్మా," అన్నాడు పరంజ్యోతి. "పాత ఫిలిం చిరక్కుండా విప్పే చెయ్యి ఒక్కటే ఉంది, దాన్ని నిన్ననే పంపేశారని అసిరమ్మ చెప్పింది. నువ్వు వస్తే రేపు ఆట ఉంటుంది. లేకపోతే లేదు."

దేముడమ్మ ఆయన కేసే చూసి, సైకిలు కేసి చూడకుండా, తలుపు గొళ్ళెం పెట్టింది.

హాలు మేడమీద రీళ్ళు చుట్టే గది చిన్నది. ఒక కిటికీ, ఒక బల్ల, బల్లకు రెండు చివరలా చేత్తో తిప్పే చక్రాలు, గుమ్మంలో వరసగా ఇసుక బాల్చీలు. పరంజ్యోతి ఒకసారి చూపించాడు. అతుక్కున్నచోట గోరు పెట్టకూడదు, మెత్తటి మల్లుగుడ్డ చివర దూర్చి ఆవిరి పట్టినట్టు ఊదాలి. చినిగిన చిల్లు దగ్గర బ్లేడుతో పూత గీకి, పాత ఫిలిం తునక ఒకటి అతికించాలి. జిగురుకు అరటిపండు వాసన. రెండోసారి చూపించాల్సిన పని లేకపోయింది. సోడానీళ్ళకు చర్మం ఊడిన ఆ వేళ్ళు దూదిమీద నడిచినట్టు ఫిలిం మీద నడిచాయి. మొదటి రీలు విడేసరికి పరంజ్యోతి లేచి, కిటికీ దగ్గర వెలుతురున్న చోటు ఆమెకు ఇచ్చి తను మూలకు జరిగాడు. ఏడు దాకా ఆమె, తొమ్మిది నుంచి ఆయన అని పంచుకున్నారు.

జగన్నాధం గదిలోకి వస్తాడు, పోతాడు, మళ్ళీ వస్తాడు. ఒకచోట కూర్చోలేడు. తనకు తొమ్మిదేళ్ళప్పుడు బొబ్బిలిలో డేరాలో ఈ సినిమా చూశాడట. అంతా చూశాడు గానీ ఆ ఎనిమిదో రీలు వచ్చేసరికి వాళ్ళమ్మ రెండు చేతులతోనూ అతని కళ్ళు మూసేసింది. డేరా అంతా కేకలు. ఎవరో ఆడమనిషి సొమ్మసిల్లింది. చేతులు తీసేసరికి రీలు అయిపోయింది. ఏం చూశావమ్మా అంటే ఆవిడ బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు. ఆ తరువాత చాలా ఊళ్ళలో ఆ రీలు వేయడమే మానేశారు. అందుకే అందులో ఏముందన్నది పోగుచేసేవాళ్ళ మధ్య తెగని తగువు. దెయ్యానికి అస్థిపంజరం మొహమని వరదాచారి వాదన. కాలిన మొహమని కలకత్తా ఆయన. పాటల పుస్తకంలో కథ ఉంది గానీ, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి శేషము వెండితెరపై చూడుడు అని ఆపేశారు.

దేముడమ్మ వింటూ తుడుస్తూనే ఉంది. రెండుసార్లు మాట గొంతు దాకా వచ్చింది. చెప్పాలంటే, ఆ బొమ్మలను నా చేత్తోనే కడిగేశానని ముందు చెప్పాలి. పైగా అతను అడగలేదు. కళ్ళు లేవని అన్నవాడు, ఏం చూశావని ఎలా అడుగుతాడు? ఏడో రీలు చివరికి వచ్చింది. ఒక పెళ్ళికూతురు, జడలో మల్లెలు, చేతిలో దీపం. మెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తోంది. ఆ మెట్లు దేముడమ్మకు తెలుసు. ఆమె చక్రం ఆపి, ఆ బొమ్మ దగ్గర కాసేపు అలాగే కూర్చుండిపోయింది.

*

ఆదివారం ఉదయం హాల్లో అరవై మంది దాకా పోగయ్యారు. రైల్వేవాళ్ళు, బడిపంతుళ్ళు, ఊళ్ళో పాత నాటకాలవాళ్ళు. కుర్చీల్లో మొదటి వరసలో వరదాచారి. పంచె, కోటు, ఒళ్ళో తోలుసంచీ, సంచీమీద తెరిచిపెట్టిన నోటుబుక్కు. రైల్లో కన్నంటలేదేమో కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ పెళ్ళివారి పందిట్లో కూర్చున్నంత హుషారుగా ఉన్నాడు. వెనక వరసలో నరసింగరావు. తనకు మంచి ధర పలికిన సరుకు ఏపాటిదో చూద్దామని వచ్చాడు. షెడ్డు ఆడవాళ్ళు నేలమీద కూర్చున్నారు. దేముడమ్మ వాళ్ళ మధ్య, అసిరమ్మ పక్కన. పైనుంచి పరంజ్యోతి తల బయటపెట్టి, ఎవరూ చుట్ట కాల్చవద్దని మరోసారి చెప్పి, దీపాలు ఆర్పాడు.

బొమ్మలు కదిలాయి. దేముడమ్మ తన వేళ్ళమధ్య ఒక్కొక్కటిగా చూసినవన్నీ తోసుకుంటూ పారిపోతున్నాయి. నిన్న మధ్యాహ్నమంతా తుడిచిన పెళ్ళి ఊరేగింపు కళ్ళు మూసి తెరిచేలోగా వెళ్ళిపోయింది. రంపప్పళ్ళన్నీ గొంతులయ్యాయి. పెళ్ళికూతురిది తను అనుకున్నంత సన్నటి గొంతు కాదు, కాస్త బొంగురు. ఆ సంగతి ఆమెకు ఎందుకో చాలా నచ్చింది. పడమటి గది కిటికీలో తెల్లచీర వీపు మొదటిసారి కనబడ్డప్పుడు హాలంతా ఒక్కసారి కదిలి కూర్చుంది. నాలుగో రీల్లో ఒక అతుకు ఊడి తెర తెల్లబడింది. పరంజ్యోతి ఒక్క ఉదుటున దీపం మూసి, తెగిన కొస దొరకబుచ్చుకుని మళ్ళీ నడిపించాడు. ఒక్క మనిషి లేచి పోలేదు.

ఏడో రీలు మెట్ల దగ్గర ఆగింది. దీపాలు వెలిగాయి.

జగన్నాధం తెర ముందుకు వచ్చి, పాటల పుస్తకం తెరిచి, ఆ తరువాతి కథ చదివాడు. నాలుగు వాక్యాలకే అయిపోయింది. శేషము వెండితెరపై చూడుడు అన్న మాట చదవలేక పుస్తకంలో వేలు పెట్టుకుని నిలబడిపోయాడు. వరదాచారి లేచి, అక్కడ దెయ్యం అస్థిపంజరం మొహంతో కనబడుతుందని తన నమ్మకమనీ, ఇక ఎప్పటికీ తేలేది కాదు కనుక అలాగే రాసుకుంటాననీ చెప్పి, కలం మూత తీశాడు.

"అది కాదు బాబూ," అంది దేముడమ్మ నేలమీంచి.

అందరూ వెనక్కి తిరిగారు. ఆమె లేచి నిలబడింది.

"ఆ రీలు కడిగినది నానే. షావుకారు బాబు ముంచమన్నాడు, నాను ముంచినాను. ముంచకముందు సూసినాను. రెండు రోజులు సూసినాను. సెప్పమంటే సెప్తాను."

"దాసినాది బాబూ," అంది అసిరమ్మ కూర్చున్నచోటి నుంచే, నేలకేసి చూస్తూ. "ఉంచమని కాళ్ళా వేళ్ళా పడ్డాది. మేం అందరం ఇన్నాం."

నరసింగరావు కండువా సర్దుకున్నాడు. జగన్నాధం ఆయన కేసి చూడలేదు. పుస్తకం మూసి, "చెప్పు," అన్నాడు.

దేముడమ్మకు ఉత్త చేతులతో చెప్పడం చేతకాలేదు. ఎడమచెయ్యి ఎత్తి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గర చేసి, కుడిచేత్తో లేని ఫిలింను లాగుతూ మొదలుపెట్టింది. కళ్ళు ఆ వేళ్ళమధ్యే ఉన్నాయి.

"మొదట మెట్లు. పిల్ల దీపం పట్టుకుని ఎక్కుతాది. సగం కాడ ఆగి ఎనక్కి సూస్తాది. పక్కగీత దారంలాగున్నాది, అంటే సప్పుడు లేదు. పైన తలుపు తీసున్నాది. లోపల పీటమీద ఒక ఆడమనిషి, ఈపు మనకేసి, జుట్టు ఇరబోసుకుని దువ్వుకుంటన్నాది. కుడి సెవి కాడ పువ్వు. నల్లగా అవుపడతాది. మందారం అనుకుంటాను. పిల్ల నోరు కదిలినాది, పక్కగీత రెండు పళ్ళు లేసినాది. సిన్న మాటే. ఎవలూ అన్నాదో ఏటో."

ఆమె వేళ్ళు నెమ్మదించాయి. హాల్లో ఫంకాల చప్పుడు వినిపిస్తోంది.

"ఆడమనిషి లేస్తాది. తిరుగుతాది. తిరిగితే మొహం లేదు. మళ్ళీ ఈపే. మళ్ళీ జుట్టే. పిల్ల ఆవిడి సుట్టూ నడుస్తాది, ఎటేపు ఎల్తే అటేపు ఈపే. ఎలా సేసినారో కూడా నాకు తెలుసు. తిరిగేకాడ బొమ్మకీ బొమ్మకీ మద్దిన సన్నటి గాటు ఉన్నాది, అక్కడ అతికినారు. అతుకని తెలిసినా ఒళ్ళు జలదరించినాది. అప్పుడు దీపం పడిపోద్ది. పక్కగీత ఒక్కపాలి ఇప్పుకుని అంచు దాకా పాకినాది. మూడు మూరల పొడుగు. అంత పొడుగు కేక నాను ఏ డబ్బాలోనూ సూడలేదు."

ఎవరో చిన్నగా దగ్గి ఆపుకున్నారు. కుర్చీల్లో ఒక పంతులు పక్కవాడి మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు.

"తరవాత వొట్టి నలుపు. నాలుగు బారలు. ఏటీ లేదనుకుని లాగీబోయినాను. మళ్ళీ ఎండకి పట్టి సూస్తే మూల ఒక తెల్లసుక్క. కదులుతన్నాది. దువ్వెన. ఆ సీకట్లో ఎవలో తల దువ్వుకుంటన్నారు."

నేలమీద ఒక ఆడమనిషి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. దేముడమ్మ చేతులు ఇంకా లాగుతూనే ఉన్నాయి.

"ఆఖర్న మొగుడు దీపం తెస్తాడు. గదిలో పిల్లొక్కతే. ఆవిడి కూకున్న పీటమీదే పిల్ల కూకున్నాది, ఈపు మనకేసి. మల్లెలు లేవు. మందారం పిల్ల జుట్లో ఉన్నాది. ఈపాలి ఎడమ సెవి కాడ. అంతే. అయిపోయినాది."

వేళ్ళు విడిపోయాయి. ఆమె చేతులు దించుకుంది.

ముందుగా తేరుకున్నది వరదాచారి. లాయరు గనుక ఆయనకు సాక్ష్యం కావాలి. అన్యథా భావించవద్దమ్మా అంటూనే, ముప్పై ఏళ్ళుగా విన్నది వేరనీ, మొహమే లేని దెయ్యాన్ని చూసి డేరాలు డేరాలు ఎందుకు కేకలు పెడతాయనీ అడిగాడు.

"మొహం ఉంటే ఎవలో తెలుస్తాది కదా బాబూ," అంది దేముడమ్మ. "తెలిస్తే ఇంక బయ్యమేటి?"

ఆయన కలం గాలిలోనే ఆగింది. అయినా ఒప్పుకోలేదు. కథ ఎవరైనా అల్లవచ్చునన్నాడు. దేముడమ్మకు కోపం రాలేదు. పని దగ్గర తూకం సరిచూసుకున్నట్టే మాట్లాడింది. తొమ్మిదో డబ్బా మూత తను తియ్యలేదు, దాన్ని బాగుచేసింది ఆపరేటరన్న. అది వేసి చూడండి. పిల్ల జుట్లో మల్లెలుంటే తను అబద్ధమాడినట్టు. ఎడమ చెవి పక్కన మందారం ఉంటే నిజం.

అరవై తలలూ ఒక్కసారి మేడమీది కిటికీ కేసి తిరిగాయి. పరంజ్యోతి తల బయటపెట్టాడు.

"నన్ను చూస్తే ఏం లాభం? నేను చిల్లులే చూశాను, బొమ్మలు చూడలేదు," అన్నాడు. లోపలికి పోయి రీలు ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆ రెండు నిమిషాలూ హాల్లో కోడిపందెం దగ్గర ఉన్నట్టుంది. కుర్చీల వాళ్ళు లేచి ముందుకు వచ్చేశారు. జగన్నాధం మాత్రం తెర పక్కన గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు ఆర్పకుండా నిలబడ్డాడు.

దీపాలు ఆరాయి. తెరమీద గీతలు, మచ్చలు. తరువాత గది. గోడమీద దీపం నీడ. పీట. పీటమీద పెళ్ళికూతురు, వీపు మనకేసి పెట్టుకుని కూర్చుని ఉంది. విరబోసిన జుట్టు. ఎడమ చెవి పక్కన, నల్లగా, అరచేతి వెడల్పున మందారం.

హాలు ఊగిపోయింది. ఆపండి, ఒక్కసారి ఆపండి అని వరదాచారి కుర్చీ ఎక్కినంత పనిచేశాడు. ఆపితే అంటుకుంటుందని పైనుంచి పరంజ్యోతి కేక వేశాడు. ఫిలిం సాగిపోయింది. ఆ గోలలో దేముడమ్మ ఒక్కతే కదలకుండా తెరకేసి చూస్తోంది. తను గెలిచిన సంగతి ఆమెకు అప్పుడే పాతబడింది. పెళ్ళికూతురు మెల్లగా తల తిప్పుతోంది. ఆ తల తిరిగితే అటు ఏముంటుందో ఈసారి ఆమెకూ తెలీదు.

"తరవాత ఏటవుద్దే?" అని అసిరమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని గుసగుసలాడింది.

"నాకేటి తెలుసు?" అంది దేముడమ్మ. ఇటు తిరగకుండానే అసిరమ్మ చేతిని తనూ గట్టిగా పట్టుకుంది. "సూడనీ."

*

ఆట వదిలేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వరదాచారి హాలు మెట్లమీదే కూర్చుని దేముడమ్మ చేత మొత్తం మళ్ళీ చెప్పించుకున్నాడు. మూరలు, బారలు, దువ్వెన ఏ మూల ఉందో కూడా రాసుకున్నాడు. అస్థిపంజరమని రాసిన పాత పేజీ మీద అడ్డంగా గీత కొట్టాడు. ఆమె పేరు, ఊరు అడిగి, ఆ పేజీ పైన పెద్ద అక్షరాలతో రాశాడు. కలకత్తాకీ కొలంబోకీ ఈ రాత్రే ఉత్తరాలు పోతాయన్నాడు.

జగన్నాధం మెట్ల పక్కన ఆనించిన సైకిలు దగ్గర నిలబడి ఉన్నాడు.

"శుక్రవారం నాడు నేను నిన్నో మాటన్నాను," అన్నాడు చివరికి.

"అన్నారు," అంది దేముడమ్మ. అతను చెయ్యగలిగింది లేక సైకిలు తాళం తీసి మళ్ళీ వేసుకున్నాడు.

కాస్త దూరంలో వేచి ఉన్న నరసింగరావు దగ్గరికి వచ్చి, రేపట్నించి రావచ్చని చెప్పాడు. వస్తానంది. కానీ ఏ డబ్బా తెరిచినా ముందు తను చూస్తుందట. చూసి, ఉంచాల్సింది ఉంటే పార్సిలు ఆఫీసు బాబుకు కబురు పెడుతుందట. ఆ తరువాతే నీళ్ళు. ఆ షావుకారుకు కూలిమనిషి షరతు పెట్టడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆయన జగన్నాధం కేసి చూశాడు, మెట్లమీది మద్రాసు కోటు కేసి చూశాడు, తన ఆరుగురు పనివాళ్ళ కేసి చూశాడు. ఆరుగురూ ఈసారి కళ్ళు దించలేదు.

"సరేలే," అన్నాడు. "బేగి సూడు మరి. నీళ్ళు సల్లారిపోతాయి."

"అది సెప్పలేను," అంది దేముడమ్మ.

అప్పటికే ఆమె మేడమెట్లు ఎక్కుతోంది. చిన్నగదిలో పరంజ్యోతి తొమ్మిదో రీలు వెనక్కి చుట్టి డబ్బాలో పెట్టబోతున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి, కొంగుతో చేతులు శుభ్రంగా తుడుచుకుని చాచింది.

"ఒకపాలి ఇలాగియ్యి అన్నా," అంది. "అంత తొందరగా పోతే మనిసికి ఏటి అవుపడతాది?"

ఆయన నవ్వి, కిటికీ రెక్క పూర్తిగా తెరిచాడు.